యువ తార ఆటగాడి వేతనం: ఎంత చెల్లించడం సమంజసం?

ఉద్దేశం: ఈ భాగం చదివిన తరువాత మీరు ఉపాంత రాబడి ఉత్పత్తి, బదిలీ సంపాదన, ఆర్థిక భాటకం అనే భావనలను ఆటగాడి వేతనానికి అన్వయించగలుగుతారు.

1. పరిచయం

2023 ఐపీఎల్ సీజనుకు ఇద్దరు ఆంధ్ర యువకులు 20 లక్షల రూపాయల చొప్పున కనీస ధరకే అమ్ముడయ్యారు. విశాఖపట్నానికి చెందిన నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ హైదరాబాద్, గుంటూరుకు చెందిన షేక్ రషీద్‌ను చెన్నై సూపర్ కింగ్స్ తీసుకున్నాయి. 2025 సీజనుకు నితీశ్‌ను అదే జట్టు 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. రషీద్ వేలంలో 30 లక్షలకు మళ్లీ చెన్నైకే వెళ్లారు. ఈ తేడా న్యాయమేనా? 'అంత డబ్బా!' అని ఆశ్చర్యపోవడం జవాబు కాదు. ముందు కొలమానం కావాలి.

2. గరిష్ఠం, కనిష్ఠం

రేపల్లెలో కబడ్డీ పోటీ జరుగుతుందనుకోండి. పేరున్న యువ రైడర్ ఆడితే టిక్కెట్లు, ప్రకటనల మీద 3 లక్షలు వస్తాయి. ఆడకపోతే 2 లక్షల 20 వేలే. తేడా 80 వేలు. ఇదే ఆయన ఉపాంత రాబడి ఉత్పత్తి. నిర్వాహకులు అంతకు మించి ఇస్తే నష్టపోతారు.

అదే రోజు బాపట్లలో ఆడితే 30 వేలు వస్తాయనుకోండి. అది ఆయన బదిలీ సంపాదన. రేపల్లె అంతకంటె తక్కువ ఇస్తే ఆయన రారు. బేరం 50 వేలకు కుదిరితే, అందులో 20 వేలు ఆటగాడి ఆర్థిక భాటకం. మరో 30 వేలు నిర్వాహకులకు మిగులు.

ఇప్పుడు తెనాలి వారు 60 వేల వరకు పాడటానికి సిద్ధపడ్డారనుకోండి. కనిష్ఠ పరిమితి 60 వేలకు చేరుతుంది. గమనించండి: ఆటగాడి సత్తా మారలేదు, కొనేవారి సంఖ్య మారింది.

3. కొనేవాడు ఒక్కడే అయితే

పోటీదారులు లేనిచోట వేతనం ఉపాంత రాబడి ఉత్పత్తి కంటె తగ్గుతుంది. జోన్ రాబిన్సన్ 1933లో దీనినే శ్రమ దోపిడీగా నిర్వచించారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ 2022 డ్రాఫ్టులో చివరి ఆటగాడిగా, 262వ స్థానంలో ఎంపికయ్యారు. తొలి ఒప్పందంలో ఆయన సగటు జీతం ఏడాదికి 10 లక్షల డాలర్లలోపే. జట్టును ఫైనల్‌కు చేర్చినా, నిబంధనల ప్రకారం మూడు సీజన్లు పూర్తయ్యేదాకా ఒప్పందం మార్చుకునే వీలు లేదు. 2025లో ఐదేళ్లకు 26.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. మొదటి మూడేళ్ల మిగులు జట్టుకే దక్కింది.

4. ఖర్చు పరిమితి

2025లో ఒక్కో ఐపీఎల్ జట్టు ఖర్చు పరిమితి 120 కోట్లు. హైదరాబాద్ అట్టిపెట్టుకున్న ఐదుగురికే 75 కోట్లు అయ్యాయి. క్లాసెన్‌కు 23 కోట్లు, అంటే పరిమితిలో సుమారు 19 శాతం. నితీశ్‌కు 5 శాతం. పర్డీ సగటు జీతం కూడా ఆ ఏడాది అక్కడి పరిమితి 27.92 కోట్ల డాలర్లలో దాదాపు 19 శాతమే. కనుక తారకు చెల్లించే ప్రతి రూపాయీ తోటి ఆటగాళ్లకు మిగిలే మొత్తాన్ని తగ్గిస్తుంది. రూపాయల కంటె ఈ వాటాను పోల్చడమే సరైన పద్ధతి.

5. సమాచారం, నష్టభయం

2024 ఐపీఎల్‌లో నితీశ్ 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి పురస్కారం పొందారు. రషీద్‌కు మొదటి రెండు సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. ఆడే అవకాశం రానివాడి ఉపాంత రాబడి ఉత్పత్తిని మార్కెట్టు కొలవలేదు. కాబట్టి ధరలోని తేడా అంతా ప్రతిభలోని తేడా అనుకోకూడదు.

ఆటగాడి సంపాదన కాలం చిన్నది. 2025 జులైలో ఇంగ్లండ్‌లో మోకాలి గాయంతో నితీశ్ సిరీస్‌కు దూరమయ్యారు. అందుకే యువ ఆటగాడు కొంత తక్కువకైనా నికరమైన సొమ్మును కోరుకుంటాడు. ఆ నష్టభయాన్ని భరించినందుకు జట్టు కొంత మిగుల్చుకుంటుంది.

6. సారాంశం

సమంజసమైన వేతనం ఒకే అంకె కాదు. అది బదిలీ సంపాదనకూ ఉపాంత రాబడి ఉత్పత్తికీ మధ్య ఉంటుంది. ఆ మధ్య ఎక్కడ ఆగుతుందనేది పోటీ, నిబంధనలు, నష్టభయం నిర్ణయిస్తాయి. తొలి ఒప్పందం చిన్నదిగా ఉండటంలో తప్పు లేదు. సత్తా రుజువైన తరువాత కూడా ఆటగాడిని దానికే కట్టివేయడం సమంజసం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై ఉదాహరణలో తెనాలి 90 వేలు ఇవ్వజూపితే రేపల్లె ఏం చేయాలి? ఎందుకు?
2. ఖర్చు పరిమితి ఎత్తివేస్తే యువ ఆటగాళ్లకు లాభమా, నష్టమా? చర్చించండి.