దవడ బిగిసినప్పుడు

అనకాపల్లి ప్రాంతమున చెరకు నరికిన మళ్లలో చెప్పులు లేక నడచి, కాలికి మోడు గ్రుచ్చుకొనని రైతు అరుదు. నెత్తురు కొంచెమే వచ్చును. పసుపో పేడో అద్ది మరల పనిలోనికి పోదుము. గాయము మాట మరచిన తరువాత, సాధారణముగ మూడు మొదలు ఇరువదియొక్క దినములలోపల, ఒకనాడు అన్నము తినబోగా నోరు తెరుచుకొనదు. పంటినొప్పి యనుకొని ఇల్లు కదలకుండుట ప్రాణాపాయము.

ధనుర్వాతపు తొలిగుర్తు తరచుగ ఇదియే. పిమ్మట ముఖము ఇకిలించినట్లు బిగియును, మెడయు పొట్టయు కొయ్యబారును, చిన్న చప్పుడైనను దేహము వింటివలె వంగును. తెలివి మాత్రము తప్పదు. రోగి తన బాధనంతయు ఎరిగియే యుండును. వాతమను పేరు విని వాతలు పెట్టువారును, గాలి సోకెనని తాయెత్తు కట్టువారును కలరు. ఇది గాలియు ధూళియు కాదు. మట్టిలోను పశువుల పేడలోను ఏండ్లతరబడి దాగియుండు సూక్ష్మజీవి, గాలి చొరని లోతుగాయమున పెరిగి విషము పుట్టించును. ఆ విషము నరములను పట్టును. జపానుదేశపు కిటసాటో అను శాస్త్రజ్ఞుడు 1889లో దీనిని వేరుపరచి పెంచెను. గాయమునకు పేడ పెట్టుట యనగా పదునులో విత్తనము చల్లుటయే.

దవడ బిగిసినదెల్ల ధనుర్వాతము కాదు. జ్ఞానదంతమునకు చీము పట్టినచో ఒకప్రక్క వాచి నొప్పిపుట్టును. వక్క, గుట్కా నమలువారికి నెలలమీద నోరు క్రమముగ చిన్నదగును. వాంతులకిచ్చు కొన్ని మందులవలనను దవడ మెలితిరుగును. ఏది ఏదియో తేల్చుట వైద్యుని పని. గాయము పాతదైనను అతనికి తప్పక చెప్పుడు.

నోరు బిగిసినవానికి పాలుగాని కషాయముగాని పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. వెంటనే 108ను పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను. మనకు పెద్దాసుపత్రి విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రి. అచ్చట గాయము కడిగి, చెడిన కండ తీసి, విషమును విరుచు సూదిమందిచ్చి, ఈడ్పులు తగ్గించు మందులతో సద్దులేని గదిలో వారములకొలది కాపాడుదురు. నరమును పట్టిన విషమును మరల విడదీయు మందు లేదు. తొలిగుర్తుననే పొండని చెప్పుట అందులకే.

నివారణ సులభము. గాయమును వెంటనే సబ్బుతోను ధారాళమైన నీటితోను కడిగి, ఆరోగ్యకేంద్రమున టీడీ టీకా సంగతి అడుగుడు. మురికిగాయమైనచో, చివరి టీకాకు ఐదేండ్లు దాటియున్నచో మరల వేయించుకొనవలెను. రోగము వచ్చి తగ్గినవానికిని టీకా తప్పదు. ఆ రోగము మరల రాకుండ కాపాడదు. గర్భిణుల టీకావలనను శుభ్రమైన కానుపులవలనను పురిటిబిడ్డల ధనుర్వాతము మనదేశమున నిర్మూలన స్థాయికి తగ్గినదని 2015లో ధ్రువపడెను. పెద్దలలో, ముఖ్యముగ చిన్ననాడు టీకా యెరుగని ముసలివారిలో, ఇప్పటికిని అగుపడుచున్నది. నరుకుడు మొదలగుటకు ముందే ఇంటి పెద్దలను, కూలీలను ఒక దినము ఆరోగ్యకేంద్రమునకు వెంటబెట్టుకొని పోవచ్చును.