దిండు కింద పలక

చరిత్ర పాఠంలో రాజు పేరు చెప్పగానే పిల్లలు అడిగేది, "ఎన్ని యుద్ధాలు గెలిచాడు సార్?" అని. షార్లమేన్ పాఠాన్ని మాత్రం నేను పలకతో మొదలుపెడతాను.

షార్లమేన్ ఫ్రాంకుల రాజు. 768లో గద్దెనెక్కి, నేటి ఫ్రాన్స్, జర్మనీ, ఉత్తర ఇటలీలలో చాలా భాగాన్ని ఏలాడు. 800 సంవత్సరం క్రిస్మస్ నాడు రోమ్‌లో పోప్ మూడవ లియో ఆయనకు చక్రవర్తి కిరీటం పెట్టాడు. అది బాగ్దాద్‌లో ఖలీఫా హారూన్ రషీద్ కాలం. ఇద్దరి మధ్య రాయబారాలు నడిచాయి. ఖలీఫా పంపిన అబుల్ అబ్బాస్ అనే ఏనుగు 802లో ఆకెన్ నగరం చేరింది. 807లో ఇత్తడి నీటి గడియారం వచ్చింది. గంటగంటకూ చిన్న గుండ్లు తాళం మీద పడి మోగే ఆ యంత్రాన్ని చూసి అక్కడివారు అబ్బురపడ్డారు.

ఇంతటి రాజుకు రాయడం సరిగా రాదు. దిండు కింద పలకలు ఉంచుకుని, తీరిక దొరికినప్పుడల్లా అక్షరాలు దిద్దేవాడనీ, వయసు మీరాక మొదలుపెట్టడంతో అంతగా పట్టుబడలేదనీ ఆయన ఆస్థానంలో పనిచేసిన ఐన్‌హార్డ్ రాశాడు.

మఠాల నుంచి వచ్చే ఉత్తరాల్లో తప్పులు చూసి ఆయన కలవరపడ్డాడు. ఇంగ్లండులోని యార్క్ నుంచి ఆల్క్విన్ అనే పండితుణ్ణి పిలిపించాడు. ప్రతి మఠంలో, ప్రతి బిషప్ పీఠంలో పిల్లలకు బడి పెట్టాలని 789లో ఆజ్ఞ ఇచ్చాడు. చదవడం, లెక్క, వ్యాకరణం నేర్పాలనీ, పుస్తకాల్లోని తప్పులు దిద్దాలనీ అందులో ఉంది. స్వతంత్రుల పిల్లలతోపాటు దాస్యంలో ఉన్నవారి పిల్లలనూ చేర్చుకోమన్నాడు.

ఆయన చేతికి నెత్తురూ అంటింది. 782లో వెర్డెన్ వద్ద ఒక్కరోజే 4,500 మంది శాక్సన్లను చంపించాడని ఫ్రాంకుల చరిత్రలే చెబుతున్నాయి. ఆ మాట దాచి పాఠం చెప్పకూడదు.

814లో ఆయన మరణించాడు. 843లో వెర్దున్ ఒప్పందంతో ముగ్గురు మనవలు రాజ్యాన్ని పంచుకున్నారు. కత్తితో కట్టింది ముప్ఫై ఏళ్లకే ముక్కలైంది. ఆ మఠాల్లో ఎత్తిరాసిన ప్రతుల వల్లే ఎన్నో ప్రాచీన లాటిన్ గ్రంథాలు మనదాకా వచ్చాయి. అప్పుడు స్థిరపడిన గుండ్రటి లిపే నేటి ఇంగ్లీషు చిన్న బడి అక్షరాలకు మూలం. మన పిల్లలు నోటు పుస్తకంలో రోజూ దిద్దేది వాటినే.

తనకు ఆలస్యమైన చదువు పిల్లలకు ఆలస్యం కాకూడదనుకున్నాడు ఆ రాజు. ఏనుగు 810లో చనిపోయింది, రాజ్యం చీలిపోయింది. బడికి పెట్టిన ఖర్చు మాత్రం పన్నెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఫలితమిస్తోంది.