మాఘంలో చిలకమ్మదే రాజ్యం

మాఘమాసం వచ్చిందంటే కల్యాణ మండపాలు ఖాళీ ఉండవు. సరిగ్గా అవే రోజుల్లో ఊరి చివర రావిచెట్టు మీదా సందడి మొదలవుతుంది. కన్నడిగులు గిణి అన్నా, తమిళులు కిళి అన్నా, మరాఠీలు పోపట్ అన్నా, ఒడియా వాళ్లు శుఆ అన్నా పిట్ట ఒకటే.. మన రామచిలక. గిజిగాడు లాంటి పిట్టలు వానల కోసం ఎదురుచూస్తే, ఇది చలి పోకముందే జత వెతుక్కుంటుంది. దక్షిణాదిన డిసెంబరు, జనవరిల్లో మొదలై ఏప్రిల్ దాకా సాగే ఈ కాలంలో చిలకల తీరే మారిపోతుంది.

అలక ఆమెది.. బతిమాలుడు అతడిది

నెమళ్లలో ఆర్భాటమంతా మగదే. చిలకల్లో పెత్తనం ఆడదానిది. మామూలు రోజుల్లో మగచిలక దగ్గరికొస్తే పొడిచి తరిమేస్తుంది. జతకట్టే వేళకు మాత్రం మెత్తబడుతుంది. కొమ్మ మీద కూర్చుని కళ్లు తిప్పుతూ, తలను అటూ ఇటూ ఊపుతుంది. మగది ఒక కాలు ఎత్తి పెడుతూ మెల్లగా పక్కకు జరుగుతుంది. ముక్కుకు ముక్కు ఆనిస్తుంది. తిన్న మేతను గొంతులోంచి పైకి తెచ్చి ఆమె నోటికి అందిస్తుంది. చూసేవాళ్లకు ముద్దులాడుకుంటున్నట్టే ఉంటుంది. అయితే ఇది ఉత్త మురిపెం కాదు. గుడ్ల మీద కూర్చున్నాక ఆమె బయటికి రావడం తక్కువ. అప్పుడు తిండి మోయాల్సింది అతడే.

చిలకలు పుల్లా పుడకా తెచ్చి గూడు కట్టవు. చెట్టు తొర్రే ఇల్లు. వడ్రంగిపిట్టలు వదిలేసిన రంధ్రాన్ని ముక్కుతో పెద్దది చేసుకుంటాయి. మోడువారిన కొబ్బరి, పాత కోట గోడలు, గుడి గోపురాల సందులు.. ఏదైనా సరే. గోరింకలు, పైడికంట్లదీ అదే వెతుకులాట కాబట్టి తొర్ర దగ్గర గొడవలు మామూలే. మూడు నుంచి ఐదు తెల్లటి గుడ్లు. మూడు వారాలు దాటాక కళ్లు తెరవని, ఈకలు లేని పిల్లలు బయటపడతాయి. అవి ఎగరడానికి ఇంకో ఆరేడు వారాలు కావాలి.

దొరికిన తొర్ర బాగుంటే మరుసటి ఏడాదీ అక్కడికే వస్తాయి. అందుకే రోడ్ల వెడల్పు కోసం పాత చింతలు, మర్రులు కొట్టేస్తే పోయేది ఒక్క నీడే కాదు. కొత్తగా నాటిన మొక్కలో తొర్ర పడాలంటే దశాబ్దాలు పడుతుంది.

పంజరంలో ‘పిచ్చి’

పంజరంలో పెట్టినంత మాత్రాన పిట్టకు రుతువు తెలియకుండా పోదు. పొద్దు పెరిగే కొద్దీ ఒంట్లో మార్పులు మొదలవుతాయి. నిన్నటిదాకా వేలి మీద కూర్చున్నది ఉన్నట్టుండి కరుస్తుంది. మగదైతే అద్దం ముందు తల ఊపుతూ మేత కక్కుతుంది, కొన్నిసార్లు యజమాని చేతిలోనే. జబ్బు చేసిందనుకుని ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. నిజానికి అది తోడు దొరకక మనిషినే జతగా అనుకోవడం. ఆడదైతే కాగితాలు చింపుతుంది, బీరువా సందుల్లో చీకటి మూల వెతుకుతుంది. మగతోడు లేకున్నా గుడ్లు పెడుతుంది. అవి పొదిగినా పిల్లలు రావు. ఒంట్లో సున్నం చాలకపోతే గుడ్డు అడ్డం పడి ప్రాణం మీదికీ రావచ్చు.

ఇంకో తమాషా ఉంది. మెడ చుట్టూ గులాబీ హారం మగదానికే వస్తుంది, అదీ దాదాపు మూడేళ్లు నిండాకే. అంతదాకా ఆడదేదో మగదేదో చూడగానే తేలదు. ఆడపిల్ల పేరు పెట్టుకున్న చిలక మూడో ఏట హారం వేసుకుని కూర్చున్న ఇళ్లు చాలానే ఉంటాయి!

కాపురాల కాలమే వేట కాలం

ముహూర్తాల సీజనే దొంగలకూ సీజన్. ఎగరలేని పిల్లల్ని తొర్రలోంచి లాగేస్తారు. చెయ్యి పట్టకపోతే తొర్రనే నరుకుతారు. పిల్లలతో పాటు వచ్చే ఏడాది ఇల్లూ పోతుంది. హోసూరు, కృష్ణగిరి మామిడి తోటల్లోనూ, బళ్లారి, రాయచూరు జొన్న, పొద్దుతిరుగుడు చేలల్లోనూ చిలకంటే రైతుకు కోపం ఉండొచ్చు. ఆ కోపంలో అర్థముంది. డబ్బాలు కొట్టి తోలడం వేరు, పిల్లల్ని పట్టి అమ్మడం వేరు.

దేశవాళీ పక్షుల వ్యాపారంపై 1990ల మొదట్నుంచే నిషేధం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు రామచిలకను రెండో షెడ్యూలులో చేర్చారు. పట్టినా, అమ్మినా, పంజరంలో పెంచినా నేరమే. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. చిలక జోస్యానికీ మినహాయింపు లేదు. 2024 ఏప్రిల్‌లో లోక్‌సభ ఎన్నికల వేళ కడలూరులో ఒక అభ్యర్థికి గెలుపు చెప్పిన చిలక జోస్యుణ్ని తమిళనాడు అటవీ అధికారులు పట్టుకున్నారు. చిలకల్ని స్వాధీనం చేసుకున్నారు. ఆ వార్త అప్పట్లో నవ్వు పుట్టించినా, అంతకుముందు నుంచీ ఉన్న చట్టమే అది.

గాలికి చెట్టు విరిగి పిల్లలు కింద పడితే ఇంటికి తెచ్చి అన్నం, పాలు పట్టొద్దు. తల్లిదండ్రులు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. కుక్కలు, పిల్లులు ముట్టకుండా ఎత్తయిన చోట బుట్టలో ఉంచి, దగ్గర్లోని అటవీ శాఖ కార్యాలయానికి చెబితే చాలు.