ఉక్కు ప్రమిద

శ్రీనగర్ కాలనీకి కొద్ది మైళ్ళ దూరమున, హుస్సేన్ సాగర్ తీరమున ఒక మహాప్రమిద వెలసియున్నది. ఆకారము మట్టి ప్రమిదది; పదార్థము తుప్పెరుగని స్టెయిన్‌లెస్ స్టీలు. తెలంగాణ సాధనకై ప్రాణములర్పించిన వారి స్మారకముగా, శిల్పి ఎం. వి. రమణారెడ్డి రూపకల్పనలో నిర్మితమై, 2023 జూన్ 22న ఆవిష్కృతమైనది.

కుమ్మరి సారెపై మట్టిముద్దకు చేతి ఒత్తిడియే వంపు నిచ్చును. ఉక్కు అట్లు లొంగదు. రేకులను యంత్రములతో వంచి, అంచులను అతికి, అతుకులు కనబడకుండ అరగదీయవలెను. షికాగోలో అనీష్ కపూర్ నిలిపిన ‘క్లౌడ్ గేట్’ 168 పలకలతో ఇట్లే అతుకెరుగని పాదరసపు బిందువైనది. ఈ లోహమునందలి క్రోమియము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, కంటికి కానరాని పొరయై తుప్పును వారించును. గీత పడినను ఆ పొర తిరిగి అల్లుకొనును.

1969 ఉద్యమమున అసువులు బాసిన వారికై గన్‌పార్కులో ఎక్కా యాదగిరిరావు రాతిని పువ్వుగా విరియజేసిరి. ఇచ్చట లోహము జ్వాలయైనది. ఇంటి దీపము చమురు పోయు చేయి ఉన్నంతవరకే వెలుగును. ఈ జ్వాల గాలికి చలింపదు, చమురు నడుగదు. లోహము తన్ను తాను కాపాడుకొనును; వారేల ప్రాణములు విడిచిరో పిల్లలకు చెప్పుట మాత్రము బడిపంతుళ్ళ వంతు.