ముట్టకుండా మోగే వాద్యం

వీణకు మీటు కావాలి. వేణువుకు ఊపిరి కావాలి. మృదంగానికి అరచేతి దెబ్బ కావాలి. ఏదో ఒక స్పర్శ లేనిదే వాద్యం పలకదన్నది అనాదిగా మన ఎరుకలో ఉన్న సంగతి. ఈ ఎరుకను తలకిందులు చేసిన వాద్యం థెరిమిన్. దాని ముందు నిలబడి గాలిలో చేతులు కదిపితే చాలు, స్వరం పుడుతుంది. అంతకన్న వింత ఏమంటే, కొద్దిపాటి విడిభాగాలతో దానిని ఇంట్లోనే కూర్చుకోవచ్చు.

దీనిని రూపొందించినవాడు లెవ్ తెర్మెన్ అనే రష్యా భౌతికశాస్త్రవేత్త. 1920 ప్రాంతంలో పెట్రోగ్రాడ్ పరిశోధనాలయంలో వాయువుల విద్యుత్ ధర్మాలను కొలిచే పరికరం మీద పనిచేస్తుండగా, తన చేయి దగ్గరైనప్పుడల్లా అందులోని ధ్వని మారడం ఆయన గమనించాడు. మరొకరైతే దానిని పరికరంలోని దోషంగా ఎంచి సరిచేసి ఊరుకునేవారేమో! తెర్మెన్ చెల్లో వాద్యం నేర్చినవాడు. ఆ ధ్వనిలో ఆయనకు స్వరం వినిపించింది.

దీని పనితీరు భౌతికశాస్త్ర విద్యార్థులకు సులభంగానే బోధపడుతుంది. పెట్టెలో రెండు డోలకాలు ఉంటాయి. రెండూ మన చెవికి అందనంత అధిక పౌనఃపున్యంతో కంపిస్తాయి. ఒకదాని పౌనఃపున్యం స్థిరం. రెండవదానికి ఆంటెనాగా ఒక నిలువు లోహపు కడ్డీని కలుపుతారు. ఆ కడ్డీ ఒక పలకగా, మన కుడిచేయి మరొక పలకగా, నడుమ గాలితో ఒక కెపాసిటర్ ఏర్పడుతుంది. చేయి దగ్గరకు జరిగేకొద్దీ దాని కెపాసిటీ పెరిగి, ఆ డోలకపు పౌనఃపున్యం తగ్గుతుంది. మొదటిది సెకనుకు 1,70,000 సార్లు, రెండవది 1,69,560 సార్లు కంపిస్తున్నాయనుకుందాం. భేదం 440. ఆ భేదమే స్వరంగా వినిపిస్తుంది. శ్రుతి కలవని రెండు తంబురా తీగల నడుమ వినిపించే విస్పందనాలు దీనికి దగ్గరి చుట్టాలే. ఎడమవైపు ఉండే ఉంగరం వంటి ఆంటెనా ధ్వని తీవ్రతను అదుపు చేస్తుంది.

అమెరికాలో 1934లో జన్మించిన రాబర్ట్ మూగ్ బాల్యంలో తల్లి పియానో నేర్పించినా, తండ్రి పనిముట్ల గదిలోనే ఎక్కువ ఆనందం పొందాడు. పదునాలుగేళ్ళ ప్రాయంలో ఒక పత్రికలోని వ్యాసం చూసి థెరిమిన్ తయారుచేశాడు. 1961లో ట్రాన్సిస్టర్లతో పనిచేసే థెరిమిన్ గురించి తానే వ్యాసం రాసి, సుమారు యాభై డాలర్లకు విడిభాగాల కిట్‌ను అమ్మకానికి పెట్టాడు. దాదాపు వెయ్యి కిట్లు అమ్ముడుపోయాయి. అప్పటికి ఆయన ఇంకా విశ్వవిద్యాలయ విద్యార్థి.

ఇటువంటి కిట్ విప్పినవారికి మొదట కనిపించేది రంగుల చారలున్న నిరోధకాల గుట్ట. ఏ రంగు ఏ అంకెకు గుర్తో తెలిస్తేనే ఏది ఎక్కడ అమర్చాలో తెలుస్తుంది. టంకం వేసేటప్పుడు లోహం తగినంత వేడెక్కకపోతే, అతుకు పైకి అతికినట్లే ఉండి లోపల విడిగా ఉంటుంది, వాద్యం మూగబోతుంది. కొత్తవారు బ్యాటరీతో నడిచేవాటినే చేపట్టాలి. ఇంటి కరెంటుతో పనిచేసేవాటిలో ప్రాణాపాయం ఉంది. అన్నీ అమర్చాక, చేయి దూరంగా ఉన్నప్పుడు రెండు డోలకాలూ ఏకమై శబ్దం ఆగిపోయేటట్లు సవరించాలి. అంటే ఇక్కడ మొదట శ్రుతి చేసేది నిశ్శబ్దాన్ని!

చేయడం కన్న వాయించడమే కష్టం. వీణకున్నట్లు మెట్లు లేవు. వయొలిన్‌కున్నట్లు తీగ అయినా లేదు. జారు గమకం అలవోకగా వస్తుంది కాని, ఒక స్వరం నుండి దూరపు స్వరానికి మచ్చ లేకుండా దూకడం ఏళ్ళ సాధనతో గాని రాదు. క్లారా రాక్‌మోర్ వంటి కొందరే దానిని కచేరీ స్థాయికి తీసుకువెళ్ళగలిగారు.

మూగ్ కిట్ కొని థెరిమిన్ కూర్చుకున్నవారిలో హెర్బర్ట్ డాయిచ్ అనే సంగీతాచార్యుడు ఒకరు. 1963లో ఒక సంగీతోపాధ్యాయుల సమావేశంలో ఆయన మూగ్‌ను కలుసుకుని, కొత్త ధ్వనులను సృష్టించే సాధనం కావాలని కోరాడు. మరుసటి వేసవిలో ఇద్దరూ కలిసి పనిచేశారు. 1964లో వెలువడిన మూగ్ సింథసైజర్ తొలి నమూనా ఆ కృషి ఫలితమే.