సైనిక లారీకి తగిన టైరు

కామారెడ్డి అంచున 44వ జాతీయ రహదారి ప్రక్కన నిలిచిన లారీల టైర్లను దగ్గరకు పోయి చూచినచో, ప్రక్కగోడలమీద కొన్ని అంకెలు ఉబ్బెత్తుగా కనబడును. ఒకదానిపై 10.00-20 అని, మరియొకదానిపై 295/90ఆర్20 అని ఉండును. డ్రైవర్లకును పంక్చరు వేయువారికిని ఇవి నిత్యము వాడుకలోనివే. కాని ఈ అంకెలలో పీడనము, బలము, వేగము అను మూడు పాఠములు ఇమిడియున్నవి. సైన్యము వాడి తీసివేసిన లారీని కొన్నవారికి ఆ పాఠముల అవసరము వెంటనే కలుగును.

రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసిన పిదప, సైన్యములకు అక్కరలేని లారీలు, జీపులు మనదేశమున పెద్దసంఖ్యలో అమ్ముడుపోయినవి. నేడును సైన్యము తొలగించిన వాహనములను వేలమున అమ్ముచున్నారు. అట్టి లారీని ఒక రైతు కొని, ఎల్లారెడ్డి ప్రాంతపు పొలములనుండి చెరకును తారురోడ్డుకు చేర్చదలచెననుకొందము. లారీ చక్రములన్నింటికిని ఇంజను బలము అందును. కాని టైర్లు పాతబడినవి. “పెద్ద టైర్లు వేయించు, బురదలో దిగబడదు” అని తెలిసినవారొకరు సలహా చెప్పుదురు. ఈ సలహాలో నిజమెంత?

అంకెల అర్థము

9.00-20 అను గుర్తులో మొదటిది టైరు వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసము, రెండును అంగుళములలోనే. నడుమ గీత ఉన్నచో లోపలి దారములు ఏటవాలుగా ఒకదానినొకటి దాటునని అర్థము. గీతకు బదులు ‘ఆర్’ ఉన్నచో అది రేడియల్ టైరు. దానిలో దారములు ఒక అంచునుండి రెండవ అంచునకు తిన్నగా పోవును.

295/90ఆర్20లో వెడల్పు 295 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ ఎత్తు అందులో 90 శాతము, అనగా 265.5 మిల్లీమీటర్లు. క్రిందను పైనను కలిపి 531. రిమ్ము 20 అంగుళములు, అనగా 508. మొత్తము వ్యాసము 1,039 మిల్లీమీటర్లు. 10.00-20 టైరు వ్యాసము ఇంచుమించు 1,050. ఒకదానికి బదులు మరియొకటి వాడుకలోనికి వచ్చుటకు కారణమిదియే. అయినను రేడియలును మామూలు టైరును ఒకే ఇరుసున కలుపరాదు. అవి నేలమీద వంగు తీరు వేరు.

నేలమీద పడు పీడనము

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతమున చల్క నేలలు, రేగడి నేలలు రెండును కలవు. ఎండిన చల్క బరువును మోయగలదు. తడిసిన రేగడి మోయలేదు. అందుచే టైరు నేలను తాకు వైశాల్యము ముఖ్యమగును.

ఒక టైరుమీద 2,100 కిలోగ్రాముల బరువున్నదనుకొనుడు. లోపలి గాలి పీడనము చదరపు సెంటీమీటరుకు 7 కిలోగ్రాములైనచో, బరువును మోయుటకు సుమారు 300 చదరపు సెంటీమీటర్లు నేలను తాకవలెను. అది నోటుపుస్తకపు పుటంత. పీడనమును 3.5కు తగ్గించినచో తాకు వైశాల్యము 600 అగును. బండి బరువు మారలేదు. నేలమీద పీడనము మాత్రము సగమైనది. కాబట్టి దిగబడకుండ కాపాడునది టైరు పెద్దదగుట మాత్రమే కాదు, తక్కువ గాలితో అంత బరువును మోయగలుగుటయే. చిన్న టైరులో గాలి తగ్గించి నిండు బరువుతో రోడ్డుమీద తోలినచో, ప్రక్కగోడలు మాటిమాటికి వంగి వేడెక్కి టైరు పగులును. ప్రాణాపాయము అక్కడనే ఉన్నది.

1942లో అమెరికాలో నిర్మింపబడిన ‘డక్’ అను నీటిలోను నేలమీదను నడుచు లారీ ఈ సూత్రమునే వాడుకొన్నది. అది రెండున్నర టన్నుల జి.ఎమ్.సి. లారీనుండి పుట్టినది. మూలమైన లారీకి 7.50-20 టైర్లు, వెనుక జంటచక్రములు ఉండగా, డక్‌కు 11.00-18 టైర్లను ఒంటరిగా అమర్చిరి. ముందుచక్రము త్రొక్కిన జాడలోనే వెనుకచక్రమును నడచును గనుక ఇసుకను క్రొత్తగా త్రొక్కుకొనిపోవు శ్రమ తగ్గును. పైగా డ్రైవరు తన స్థానమునుండియే టైర్లలో గాలిని తగ్గించుటకు, పెంచుటకు వీలున్నది.

పెద్ద టైరు చెల్లించు మూల్యము

7.50-20 టైరు వ్యాసము సుమారు 93 సెంటీమీటర్లు, 9.00-20ది సుమారు 102. తేడా పదింట ఒక వంతు. చక్రము ఒక చుట్టు తిరిగినపుడు బండి పదవవంతు ఎక్కువ దూరము పోవును. స్పీడోమీటరు 50 చూపునప్పుడు నిజవేగము 55. ఇరుసు త్రిప్పుబలము మారకున్నను వ్యాసార్థము పెరిగినందున నేలమీది లాగుడు ఇంచుమించు పదవవంతు తగ్గును. బ్రేకు పట్టుబలమును అంతే తగ్గును. నిండు చెరకుతో పల్లమున దిగు లారీకి ఈ తగ్గుదల చిన్నది కాదు.

ఇంకను మూడు విషయములు చూడవలెను. మొదటిది, వెడల్పు టైరునకు వెడల్పు రిమ్ము కావలెను, 9.00-20కు 7 అంగుళములు, 11.00-20కు 8, 14.00-20కు 10 అంగుళముల వెడల్పు రిమ్ము తగినది. రెండవది, జంటచక్రముల మధ్య ఖాళీ చాలకున్నచో, బరువుకు ఉబ్బిన ప్రక్కగోడలు ఒరసికొని కాలును. మూడవది, అన్ని చక్రములకు బలమందు లారీలో టైర్లన్నియు ఒకే చుట్టుకొలత గలవై ఉండవలెను. ముందు టైరు చుట్టుకొలత 3.20 మీటర్లు, వెనుకది 3.10 అయినచో, వెయ్యి చుట్లకు 100 మీటర్ల తేడా వచ్చును. బురదలో చక్రము జారి ఆ తేడాను సరిదిద్దుకొనును. ఎండిన తారురోడ్డుమీద జారలేదు. అపుడు ముందు చక్రములకు బలమందించు గేరు కలిపియున్నచో, ఆ ఒత్తిడి పండ్లచక్రములమీదను ఇరుసులమీదను పడును.

టైరు వయస్సును చూడవలెను. 2000 సంవత్సరము తరువాతి టైర్లలో తయారీ తేదీని నాలుగంకెలతో ముద్రింతురు. 3519 అనగా 2019లో 35వ వారము. షెడ్డులో ఏండ్లతరబడి నిలిచిన లారీ టైరుకు గాళ్లు లోతుగానే ఉండవచ్చును. రబ్బరు మాత్రము పగుళ్లు బారియుండును.

కావున రైతు మొదట చేయవలసినది తయారీదారు నిర్దేశించిన సైజును తెలిసికొని, నిండు బరువుతో లారీని కాటామీద తూచి, ఆ బరువునకు తగిన టైరును, గాలిని నిర్ణయించుట. తయారీదారు మూలనిర్దేశములకు భిన్నముగ వాహనమును మార్చరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనును చెప్పుచున్నది.

ఉన్నత పాఠశాలలో ఈ సూత్రమును సైకిలుతోనే పరీక్షింపవచ్చును. వెనుకటైరుకు తడిసున్నము పూసి, దాని క్రింద కాగితముంచి, ఒక విద్యార్థిని సీటుమీద కూర్చుండబెట్టి ముద్రను తీయుడు. గాలిని సగము తగ్గించి, మరల సున్నము పూసి, అదే విద్యార్థితో రెండవ ముద్ర తీయుడు. గళ్ల కాగితముపై రెండింటి వైశాల్యములను లెక్కించి, ఒక్కొక్కదానిని దాని గాలి పీడనముతో గుణింపుడు. రెండు లబ్ధములును ఇంచుమించు సమానముగ వచ్చును. అవి వెనుకచక్రము మోయుచున్న బరువే. ప్రక్కగోడ బిరుసుతనమువలన కొద్ది తేడా వచ్చినచో, దానికి కారణమును విద్యార్థులే ఆలోచించి చెప్పవలెను.