బుజం కుట్టుకు మేమే తయారు, గీకుడెందుకు సారూ?

బండి మీదికెళ్లి పడితే మా బాపు కుడి బుజంల నరం తెగింది. నరం అంటం గనీ, అది కండను బొక్కకు పట్టి ఉంచే తాడు. బుజంల గసొంటియి నాలుగుంటయి.

దవాఖానల ఇచ్చిన కాగితంల రెండు పనులు, రెండు లెక్కలు. ఒకటి తాడును కుట్టుడు. ఇంకోటి పైబొక్కను గీకుడు.

ఇల్లు కుదువ పెట్టుడు కంటే ముందు జెర సదివిన. చిన్న, నడిమి రకం చీలికలకు కుట్టుతోపాటు బొక్కను గీకుడు మామూలుగ అక్కెర లేదని అమెరికా ఎముకల డాక్టర్ల సంఘం 2019లనే చెప్పింది. కుట్టు ఒక్కటే ఏసినోళ్లు గూడ అంతే మంచిగైతున్నరు. బొక్క ముల్లు లెక్క పెరిగి తాడును రాస్తుంటే ముచ్చట వేరు.

"సార్, మా బాపుకు గీకుడు ఎందుకు?" అని అడిగిన. డాక్టర్ ఎమ్మారై మళ్ల సూసి, ఆ పని కొట్టేసిండు.

మిగిలిన పైసలు ఫిజియోథెరపీకి, బస్సు కిరాయిలకు అక్కెరకొచ్చినయి. అసలు ఖర్సు గాడనే ఉన్నది. నెలన్నర దాకా చెయ్యి జోలెల, బరువు ఎత్తాలంటే నెలలకు నెలలు. కూలి బందైన దినాలు ఏ బిల్లుల రాయరు.

తమ్మీ, డాక్టర్ను అనుమానించుడు గాదిది. కాగితం మీద ఉన్న ఒక్కో పని ఎందుకో అడుగుడు మన హక్కు.